ఒక్క గుక్క నీళ్ళు

ఎవరైనా దెయ్యం కథ మొదలుపెడితే మధ్యలోనే లేచి వెళ్ళిపోయే రకం నేను. మా అవ్వ చెప్పినా అంతే. "ఎండదెబ్బ తగిలినోళ్ళకు దెయ్యాలే కనబడతాయిలే అవ్వా" అని ఎగతాళి చేసేదాన్ని. ఇప్పుడు నా మాట ఎవరూ నమ్మకపోయినా నాకు కోపం రాదు.

మాది ఉదయగిరి దగ్గర పల్లె. గొర్రెలే మా బతుకు. డిగ్రీ అయిన ఏడాదే నా కిడ్నీలు రెండూ పాడయ్యాయి. రోజు విడిచి రోజు బస్సులో ఆత్మకూరు వెళ్ళి డయాలసిస్ చేయించుకోవాలి. మెడ పక్కన ట్యూబు, దాని మీద బ్యాండేజీ. నీళ్ళు కొలుచుకుని తాగాలి. ఎక్కువైతే ఊపిరితిత్తుల్లో చేరి ఊపిరాడదు.

జబ్బు నాకొస్తే నీరసం నా స్నేహితులకొచ్చింది. నాతో ఒకే కంచంలో తిన్న శ్రావణి గేటు బయటే నిలబడి పలకరించి పోయేది. దాని పెళ్ళికి, "మేయ్, ఎండలో నీకెందుకు శ్రమ, ఫోటోలు పంపిస్తాలే" అంది. అవీ పంపలేదు. బస్సులో జనం నా మెడ చూసి, పక్క సీటు వదిలేసి నిలబడతారు. నాకది ఒళ్ళుమంట. అంటురోగం కాదు మొర్రో అని ఎంతమందికి చెప్పను?

ఎప్పుడూ నాతో అమ్మ వచ్చేది. ఆ రోజు గొర్రె ఈనలేక అవస్థ పడుతుంటే ఆగిపోయింది. నేను ఒక్కదాన్నే బయల్దేరాను. వెళ్ళే ముందు మా నాయన గొర్రెలు తూచే కాటా మీద నిలబడి బరువు చూసుకోవడం నాకు అలవాటు. ఆత్మకూరు ఆస్పత్రి తూకానికీ దానికీ ఎన్నడూ తేడా రాలేదు.

దుత్తలూరు దాటాక నా పక్కన ఎవరో కూర్చున్నారు. చూస్తే నా ఈడు పిల్ల. మెడకు నాలాగే బ్యాండేజీ. వెనక సీట్లు ఖాళీగా ఉన్నా నన్ను ఆనుకుని కూర్చుంది. నిజం చెప్తున్నా, ఏడుపొచ్చేంత సంతోషం వేసింది.

"ముందు ఫోన్లు ఆగిపోతాయి. తర్వాత నీ పేరెత్తడం మానేస్తారు. నాకూ అంతే," అంది. చల్లటి నీళ్ళ సీసా నా చేతిలో పెట్టింది. "తాగు. ఎన్నాళ్ళని నోరు కట్టుకుంటావు?"

కాదంటే ఎక్కడ వేరే సీటుకు పోతుందో అని ఒక్క గుక్క తాగాను.

"మా ఇంటికాడ కుండ నిండా ఉండాయి. దిగుదాం రా," అని నా చెయ్యి పట్టుకుంది. ఆ చెయ్యి తడిగా, జివ్వుమనేంత చల్లగా ఉంది. భయమేసింది. అయినా లేచి నిలబడ్డాను. నన్ను ఎవరైనా రమ్మని పిలిచి ఎన్నాళ్ళయిందో!

అంతలో ఫోన్ మోగింది. అమ్మ. "ఈనింది మే, రెండు పిల్లలు! నువ్వు జాగర్తగా పొయ్యిరా."

తల తిప్పేసరికి పక్కన ఎవరూ లేరు. సీసా లేదు. బస్సు ఎక్కడా ఆగలేదు.

ఆత్మకూరు చేరేసరికి నాకు ఊపిరాడటం లేదు. కాళ్ళు ఉబ్బిపోయాయి. పొద్దున ఇంట్లో చూసుకున్నదానికంటే మూడు కిలోలు ఎక్కువ తూగాను. డయాలసిస్ మిషన్ చూసుకునే అన్న మండిపడ్డాడు.

"ఏందమ్మా, చెరువు తాగొచ్చినావా? ఇంకాస్త ఆలస్యమైతే ఏమయ్యేదో తెలుసునా?"

"ఒక్క గుక్కే, అన్నా," అని జరిగిందంతా చెప్పాను. ఆయన కోపం అక్కడే ఆగిపోయింది. "ఆ పిల్లకు బ్యాండేజీ ఏ పక్కనుండాది?" అని మాత్రం అడిగాడు. ఎడమ పక్కన అన్నాను. వెంటనే నన్ను పడుకోబెట్టిన మూల మంచం మీద నుంచి లేపి కిటికీ పక్కకు మార్చాడు. ఆ పిల్ల ఎవరో ఎంత బతిమాలినా చెప్పలేదు.

నాయన తూకపురాళ్ళు పెట్టి కాటాను పరీక్షించాడు. తేడా లేదు. దాహానికి నీకే తెలియకుండా తాగి ఉంటావంది డాక్టరమ్మ. ఆ మూడు కిలోలు ఎక్కడినుంచి వచ్చాయో నాకు ఇప్పటికీ అంతుబట్టలేదు.

ఇప్పుడు అమ్మ రాని రోజు పక్క సీట్లో బ్యాగు పెట్టుకుంటాను. దుత్తలూరు దాటగానే దాన్ని గట్టిగా పట్టుకుంటాను. చెప్పడానికి సిగ్గుగా ఉంది గానీ, ఎవరూ పలకరించని రోజుల్లో నా చెయ్యి దానంతటదే ఆ బ్యాగు తీసి ఒళ్ళో పెట్టుకుంటోంది.