గొడుగు గుంట

మొగల్తూరు చేపల బజారులో తట్ట దించగానే పెద్దింట్లమ్మ చేసే మొదటి పని, పక్కనున్న గుంటలో రాత్రి నిండిన ఇసుకను చేత్తో తోడెయ్యడం. ఆమెకు ఎండ తగలకూడదని మొగుడు పల్లంరాజు ఆమె ఫోనులోంచే ఆన్‌లైన్‌లో పెద్ద గొడుగు ఆర్డరు పెట్టి, ఆ రోజే దాని కర్ర పాతడానికి ముచ్చటపడి తవ్విన గుంట అది. గొడుగు రాలేదు. ఈలోగా వేటకెళ్లిన పల్లంరాజు శవమై ఒడ్డుకొచ్చాడు. చేపలమీద తడిగోనె కప్పి, తను మాత్రం ఆ గుంట పక్కనే ఎండలో కూర్చుంటుంది.

ఓరోజు చేపలకొచ్చిన లాయరు రమ్యశ్రీ గొడుగు సంగతి విని, ఆమె ఫోను తీసుకుని ఆర్డరు చూసి, "గడువు దాటి నెలలైందండి. క్యాన్సిల్ చేసి డబ్బులు వెనక్కడిగే హక్కు మీకుంది. చేసెయ్యమంటారా?" అంది.

పెద్దింట్లమ్మ పొలుసులంటిన చేత్తోనే ఫోను లాక్కుంది.

"వద్దండమ్మా! మా ఆయన దగ్గర్నుంచి నాకింక రావాల్సింది అదొక్కటేనండి."