మోకాలి గడ్డ, మా మేనరికం

నా కూతురి మోకాలి కింద వాపు బీడీలకు తునికాకు కోసే రోజుల్లో మొదలైంది. అడవిలో ఎక్కడో పడి ఉంటుందని మా అత్త తేల్చేసింది. వెదురు బద్దలు పెట్టి కట్టు కట్టింది, పొద్దునా సాయంత్రం ఇప్పనూనె వేడిచేసి రుద్దింది. ఆవిడ చెయ్యి పడితే ఎంత నొప్పయినా పోతుందని ఊరంతా నమ్ముతుంది. నేనూ నమ్మాను. వాపు మాత్రం పెరుగుతూనే పోయింది.

కిష్టారం దగ్గర జీపెక్కి, బస్సులు మారి, రాష్ట్రం సరిహద్దు దాటి పెద్దాసుపత్రికి చేరాం. నూనె మాట వినగానే డాక్టరమ్మ మండిపడింది. "గడ్డని రుద్దకూడదమ్మా! ఇక దానిమీద చెయ్యి వెయ్యకండి" అంది. ఎముకలోంచి చిన్న ముక్క తీసి చూసి కేన్సరన్నారు. అందులో ఏ రకమో తేలితేగాని మందు మొదలుపెట్టరట. దానికి క్రోమోజోముల పరీక్ష చెయ్యాలట. వివరాలు రాసుకుంటూ ఆవిడ అడిగింది: "మీది దగ్గర సంబంధమా?"

అందరినీ అడిగే ప్రశ్నే. నాకు మాత్రం నేరం అడిగినట్టయింది. మా ఆయన నాకు మేనబావ. మా అత్త మా నాన్నకు స్వయానా చెల్లెలు.

అత్త బయట బెంచీ మీద కూర్చుని ఒకటే గొణుగుడు. "నేనే పట్టువట్టిన. అన్న బిడ్డ నా ఇంటికే రావాలన్న. మా రక్తమే పిల్లని తింటాందా ఏంది?"

"నోరు మూసుకో అత్తా" అని కసిరాను. లోపల నేనూ అదే అనుకుంటున్నాను.

ఫలితం వచ్చిన రోజు నన్నూ, అత్తనూ, పిల్లనూ కూర్చోబెట్టి డాక్టరమ్మ నెమ్మదిగా చెప్పింది. "గడ్డలోని కణాల్లో రెండు క్రోమోజోములు తెగి, దీని ముక్క దానికీ దాని ముక్క దీనికీ అతుక్కున్నాయి. ఈ రకం కేన్సర్‌కి అదే గుర్తు. పాప పుట్టినప్పుడు ఇది లేదు. మీ ఇద్దరి నుంచీ రాలేదు, మేనరికం వల్లా రాలేదు. ముందు మందులిస్తాం, తర్వాత ఆపరేషన్."

అత్త బావురుమంది. నాకు ఏడుపు రాలేదు, భయం ఇంకా ఎక్కువైంది. మేనరికమే కారణమైతే తిట్టుకోవడానికి మేమైనా ఉండేవాళ్లం. కారణమే తెలియనిదాన్ని నా పిల్ల దగ్గరికి మళ్లీ రాకుండా ఎలా ఆపను?

"మరి ఎందుకు తెగినయి, డాక్టరమ్మా?" అని నా కూతురే అడిగింది.

"మాకూ తెలీదమ్మా" అందావిడ, దాచకుండా.

పిల్ల నా వైపు తిరిగింది. "మందులేసినంక మళ్లా తెగవు గదమ్మా?"

అత్త చెయ్యి అలవాటుగా ఆ మోకాలి వైపు వెళ్లింది. అంతలోనే గుర్తొచ్చి, వెనక్కి తీసుకుని ఒళ్లో పెట్టుకుంది.