ఎండ కాసిన రోజున కూలిన గట్టు

వరద తీశాక గోదావరి వదిలిపోయే ఒండ్రుకి ఒక వాసన ఉంటుంది. తడిసిన కుండ, కుళ్లిన అరటిబోదె, చేపల నీచు కలిసిన వాసన. అమలాపురంలో నేను పాఠం చెప్పే బడికి ఈ ఏడు కూడా లంక పిల్లలు దాన్ని చెప్పులకు అంటించుకొచ్చారు. ఆ రోజు తెర మీద అంగారకుడి ఫొటో చూపిస్తున్నాను. చుక్క నీరు లేని నేల మీద, ఎప్పుడో పారిన ఏరు వంపు తిరిగి ఒక గట్టును కోసి, రెండో పక్క మేట వేసిన గుర్తులు. “ఆ గట్టు ఎవరు కోసేరండీ?” అని ఒక పిల్ల అడిగింది. నీళ్లే అన్నాను. ఎనిమిదేళ్ల వయసులో నేను వేరే జవాబు చెప్పాను.

మా కొబ్బరితోట కొత్తపేట దగ్గర, గోదావరి పాయల మధ్య లంకలో, సరిగ్గా ఏరు వంపు తిరిగే చోట ఉండేది. శ్రావణంలో ఎర్రనీళ్లు పెరట్లోకి వచ్చేవి. నానమ్మ తడి కట్టెల్ని తిట్టుకుంటూ దిబ్బరొట్టె కాలుస్తుంటే, మేం అరటిబోదెల తెప్ప మీద పశువుల పాక చుట్టూ తిరిగేవాళ్లం. వరద ఉన్నన్నాళ్లూ గట్టుకు ఏమీ అయ్యేది కాదు. నీళ్లు తీసి, ఎండ కాసి, ఏరు నెమ్మదిగా పారే రోజునే పెళ్లకు పెళ్ల విరిగి, కాపు మీదున్న చెట్టు నిలువునా జారిపోయేది. అందుకే నాన్నకి అనుమానం ఏటి మీదకు పోలేదు. మనుషుల మీదకు పోయింది.

మొదట పక్క తోటవాళ్లు మట్టి ఎత్తుకుపోతున్నారని నాన్న అనుకున్నారు. తరవాత నానమ్మ వీర్రాజు పేరెత్తింది. అతను మమ్మల్నీ మా కాయల్నీ ఏరు దాటించేవాడు, చలికాలంలో నాకు కాల్చిన తేగలు తెచ్చేవాడు, పడవ మా గట్టుకే కట్టేవాడు. అతన్ని కనిపెట్టి ఉండమని నాన్న నాకు చెప్పారు. జామచెట్టెక్కి మూడు రోజులు చూశాను. అలా చూస్తే అతను దగ్గినా ఎవరికో సైగ చేసినట్టే ఉండేది. నాలుగో రోజు గునపంతో గొయ్యి తీసి, పడవ కట్టే గుంజ పాతుకుంటున్నాడు. గట్టు తవ్వుతున్నాడని నాన్నకి చెప్పాను. గుంజ మాట చెప్పలేదు. నాన్న పని ఆపి నా మాట వినడం అదే మొదటిసారి.

వెంటనే రేవుకి వెళ్లి, “రేపట్నుంచి నీ పడవ ఇక్కడ కట్టకు వీర్రాజూ” అన్నారు. అతను మళ్లీ చెట్టెక్కి కూర్చున్న నన్ను ఒకసారి చూశాడు. “ఆయ్, అలాగేనండి” అని గుంజ పెరుక్కుని అవతలి ఒడ్డుకు వెళ్లిపోయాడు.

మరుసటేడు ఇంకో వరస చెట్లు పోయాయి. వేసవిలో ఏరు చిక్కినప్పుడు నాన్న వేరే పడవలో నన్ను ఎక్కించుకుని గట్టు కిందకు తీసుకెళ్లారు. పైన గట్టి మన్ను, కింద ఇసుక పొర. ఆ ఇసుకను ఏరు తోడేసి లోపలంతా గుల్ల చేసింది. వరదనీళ్లు ఆనుకుని ఉన్నంతసేపూ గట్టు నిలబడేది, నీళ్లు తీయగానే తడిసిన బరువుకి కూలేది. ఇంటికొచ్చి నాన్న ఆ సంగతి నానమ్మకి చెప్పారు. వీర్రాజుని పిలిపించమని నానమ్మ అంది. నాన్న పిలిపించలేదు. నేను నిజం చెప్పలేదు.

అంగారకుడి పాఠం చెప్పాక వచ్చిన ఆదివారం, అవతలి ఒడ్డున వీర్రాజు ఇల్లు వెతుక్కుంటూ వెళ్లాను. దొండపాదు కింద మంచం మీద కూర్చుని, గుంజ సంగతి నేను చెప్పిందంతా విన్నాడు.

“మాకూ మీ తోటకి నీళ్లు తోడే ఇంజను మీద అనుమానమేనండి అమ్మాయిగారూ. దాని అదురుకే గట్టు జారిపోతందని ఈ ఒడ్డంతా చెప్పేను” అన్నాడు.

ఏటి ఒడ్డుకు నడిచాం. మా తోట, జామచెట్టు, రేవు ఉన్నచోట ఇప్పుడు నిలువులోతు నీళ్లు. ఈ ఏడు ఏటి వాలు మారి ఇటు కొడుతోందట. అతని పెరటి చివర, గట్టు పొడవునా చెయ్యి పట్టేంత బీట. వీర్రాజు దూరంగా ఆగివున్న ఇసుక లారీని చూపించాడు.

“వాళ్ల పనేనంటారా?”

నేను ఆ లారీని చాలాసేపు చూశాను. నాకూ అలాగే అనిపించింది.

“నేను చూడలేదు వీర్రాజూ” అన్నాను.