అక్క గోడ, నా స్లాబు నీళ్లు

పోయిన నెలలో ఒక పొద్దున బడికి బయలుదేరుతుంటే జనగామ నుంచి ఫోను వచ్చింది. మా పాత గల్లీలో పక్కింటి అక్క కొడుకు. "సార్, అమ్మ పోయింది. పొద్దుగాల లేపితే లేవలే" అన్నాడు. నేనిప్పుడు గార్లలో పనిచేస్తున్నాను. దొరికిన రైలెక్కి చేరేసరికి అంతా అయిపోయింది. చివరిసారి ఆమె ముఖం చూడలేకపోయాను. ఆమె గురించి నలుగురిలో చెప్పవలసిన మాటొకటి ఇన్నేళ్లూ నా దగ్గరే ఉండిపోయింది. మీకు రాస్తున్నది అదే.

గల్లీలో చిన్నా పెద్దా అందరికీ ఆమె అక్కే. జఫర్‌గఢ్ దగ్గరి పల్లె నుంచి కోడలిగా వచ్చింది. భర్త చనిపోయాక కుట్టుమిషను మీద కొడుకును పెంచింది. కొలతలు రాసుకునేది కాదు. ఒక్కసారి టేపు పెట్టిందంటే ఆ మనిషి భుజాలు ఆమెకు ఏళ్ల తరబడి గుర్తుండేవి. "ఏంది పిల్లా, పోయిన బతుకమ్మకంటె జర చిక్కినవ్" అని గడప బయటున్న మనిషిని చూసే చెప్పేది. గుండుసూదులు పెదాల మధ్య పెట్టుకునే మాట్లాడేది కాబట్టి కొత్తవాళ్లకు సగమే అర్థమయ్యేది. మిగిలిన గుడ్డ అరచేయంత ఉన్నా మడిచి జాకెట్టుతోపాటే ఇచ్చేసేది. మా ఆవిడ కాన్పుకు దవాఖానలో ఉన్న వారం రోజులూ నాకు అన్నం ఆ ఇంట్లోదే. కంచం పెట్టి "తిను తమ్మీ, పరేషాన్ గాకు" అనేది.

అట్లాంటి మనిషి ఇంటి పక్కన నేను స్లాబు ఇల్లు కట్టాను. ఆమెది మట్టిగోడల పెంకుటిల్లు. రెండిళ్ల నడుమ ఒక మనిషి పక్కకు తిరిగి నడిచేంత సందు. స్లాబు వాలు ముందుకు పెడదామని, పైపు ముందు గోడ మీద దించితే నీళ్లు నేరుగా రోడ్డు పక్క మోరీలోకి పోతాయని మేస్త్రీ చెప్పాడు. ముందు గోడకు పైపు వేలాడితే ఇల్లు అందంగా కనిపించదని నేను ఒప్పుకోలేదు. వాలు సందు వైపు పెట్టించాను. పిట్టగోడకు బెజ్జం కొట్టి మూరెడు పైపుముక్క బయటికి వదిలారు. కిందిదాకా పైపు తర్వాత వేద్దామన్నాను. ఆ తర్వాత అనేది రెండు వానకాలాలైనా రాలేదు.

వాన పడితే నా స్లాబు నీళ్లన్నీ ఆ ముక్కలోంచి ధార కట్టి అంతెత్తు నుంచి అక్క గోడ మొదట్లో పడేవి. వాన వెలిశాక ఆమె లోపలి నుంచి గోడను అరచేత్తో తడిమి చూసుకునేది. గోడకు ఆనుకునే ఆమె మిషను ఉండేది. మొదటిసారి నవ్వుతూనే అడిగింది. "తమ్మీ, గా పైపుకు ఒక బెండు పెట్టి కిందికి దింపి మోరీల కలిపియ్యరాదు. గోడ నానుతున్నది."

"ఈ ఆదివారం చేపిస్త అక్కా" అన్నాను.

ఆ ఆదివారం ధర్నా. తర్వాతి ఆదివారం ర్యాలీ. అవి ప్రత్యేక రాష్ట్రం కోసం ఊళ్లన్నీ రోడ్ల మీద ఉన్న రోజులు. నేను మాట్లాడితే జనం వింటారని అప్పటికే పేరొచ్చింది. రఘునాథపల్లి నుంచి కూడా పిలిచేవారు. నా ఉపన్యాసం ఎప్పుడూ నీళ్లతో మొదలయ్యేది. మన నీళ్లు మనకు కావాలని గొంతు చించుకునేవాణ్ని. అక్క మిషను ఆపి వచ్చి టెంటు కింద ఆడవాళ్లలో కూర్చుని వినేది. ఒకరోజు ఇంటికి నడుస్తూ అంది, "మన నీళ్లు మనకు గావాలె అని మంచిగ చెప్పినవ్ తమ్మీ. మరి నీ స్లాబు మీది నీళ్లు నువ్వే తీస్కోరాదు?"

నేను పగలబడి నవ్వాను. మర్నాడు టీచర్లందరికీ ఆ మాట చెప్పి వాళ్లనూ నవ్వించాను. పైపు మాత్రం వేయలేదు. ఒక పూట పని అది.

తర్వాత సమ్మె వచ్చింది. బళ్లు మూతపడ్డాయి, బస్సులు ఆగాయి. ఒకనాడు రోడ్డు మీదే వంటావార్పు పెట్టాం. బతుకమ్మ దగ్గరికొచ్చింది, అక్క చేతి నిండా జాకెట్లున్నాయి. రాలేనంది. "నువ్వు రాకుంటే అంతమందికి ఎవరొండుతరు అక్కా" అని బతిమాలి తీసుకుపోయాను. ముసురు రెండు రోజులుగా వదలలేదు. మధ్యాహ్నం వాన దంచికొట్టింది. టెంటు కింద నేను మైకు పట్టుకుని మాట్లాడుతున్నాను, అక్క గంటె పట్టుకుని అన్నం వడ్డిస్తోంది. గల్లీ నుంచి ఒకామె తడుస్తూ పరిగెత్తుకొచ్చి, "అక్కా, నీ గోడ కూలింది" అంది.

వెళ్లి చూశాం. సందు వైపు గోడ మొత్తం మిషను మీద పడింది. చక్రం విరిగింది. జనం పండుగకని ఇచ్చిన జాకెట్లు బురదలో ఉన్నాయి. పైన నా పైపుముక్కలోంచి నీళ్లు పడుతూనే ఉన్నాయి. అక్క తలెత్తి దాన్ని చూసింది. నేను తల దించుకున్నాను. ఎట్లా కూలిందని ఎవరో అడిగితే, "పాత గోడ, ముసురుకు నానింది" అంది.

అప్పుడైనా నేను నోరు విప్పవలసింది. విప్పాను, కానీ మరో రకంగా. మర్నాడు టెంటు కింద ఆమెను పిలిపించి, మనల్ని పాలించినవాళ్ల నిర్లక్ష్యానికి ఈ అక్క గోడే సాక్ష్యమని మాట్లాడాను. కూలిన చోట అడ్డం కట్టుకోవడానికి చందా వేసి కొన్న తాడిపత్రి పట్టాను అందరి ముందు ఆమె చేతుల్లో పెట్టాను. జనం చప్పట్లు కొట్టారు. ఆమె నా కళ్లలోకి చూసి తాడిపత్రి తీసుకుంది. ఆ చూపులో కోపం లేదు.

ఆ రోజే మట్టి ఎత్తడానికి పోయాను. గడ్డపారకు ఒక ప్లాస్టిక్ కవరు తగిలింది. విప్పి చూస్తే కొత్త బెండు, నాలుగు క్లాంపులు.

"ఇవెక్కడివి అక్కా?"

"నేనే తెచ్చిన. నీకు తీరినప్పుడు ఇద్దామని పెట్టిన. నీ ఇల్లు గద, అడగకుంట నేనెట్ల ముట్టుకుంట?"

నేను గడ్డపార పక్కన పెట్టాను. "గోడ నా నీళ్లకే కూలిందని నిన్న ఎందుకు చెప్పలే? అందరున్నరు గద" అన్నాను.

ఆమె తట్ట కింద పెట్టింది. "చెప్తే ఏమైతది? నీ మాట ఇని గింతమంది బయటికొచ్చిండ్రు. ఇంటి నీళ్లే ఆపుకోనోడు ఊరి నీళ్ల ముచ్చట చెప్తుండని రేపు ఒక్కడు గూడ రాడు. రాష్ట్రం నీ ఒక్కనిది గాదు తమ్మీ."

నా మీద జాలితో ఊరుకుందనుకున్నాను. కాదు. ఆమె లెక్కలో నేను చాలా చిన్నవాణ్ని.

బంద్ వల్ల దుకాణాలు మూసున్నాయి. సేటును బతిమాలి సగం షట్టరు తీయించి పైపులు తెచ్చాను. నిచ్చెన అక్క పట్టుకుంది. బెండు తొడిగి, పైపు కిందికి దించి, గోడకు క్లాంపులు కొట్టి, సందు పొడవునా తీసుకుపోయి మధ్యలో ఆపబోతుంటే, "గీడికి గాదు, మోరీ దాంక గుంజు" అంది. అన్నం వేళకు పని మొదలుపెడితే పొద్దుగూకకముందే నీళ్లు మోరీ దారి పట్టాయి.

ఆ పండుగకు ఆమె జాకెట్లన్నీ ఉతికి, మిషనున్న ఇళ్లకు తిరిగి వాళ్ల మిషన్ల మీద కుట్టి ఇచ్చింది. గోడ కట్టిస్తానంటే వద్దంది. నాలుగేళ్లు కూడబెట్టుకుని ఇటుకలతో తానే కట్టించుకుంది. నేను మాత్రం, ఆ రోజు వంటకు పిలవబట్టే ఆమె గోడ కింద పడలేదని నాకు నేను చెప్పుకుంటూ వచ్చాను. ఒకసారి సిగ్గులేకుండా ఆమెతోనే అన్నాను. "అవును తమ్మీ" అని దారం సూదిలోకి ఎక్కించుకుంది.

రాష్ట్రం వచ్చిననాడు నన్ను భుజాల మీద ఎత్తుకున్నారు. అక్క తన గడపలోంచి చెయ్యి ఊపింది.

దినాల నాడు మళ్లీ పోయాను. ఇంటి ముందు టెంటు వేశారు. భోజనాల బంతి సాగుతోంది. కొడుకు నన్ను చుట్టాలకు పరిచయం చేస్తూ, "గోడ కూలినప్పుడు మమ్ముల ఆదుకున్నది గీ సారే. అమ్మ ఎప్పుడు చెప్తుండె" అన్నాడు. కొడుక్కి కూడా చెప్పలేదన్నమాట. చుట్టాలు నాకు దండం పెట్టారు.

"ఆ గోడ కూలింది నా వల్లనే" అన్నాను. అందరూ వినేలాగే అన్నాను. పైపు సంగతి, ఆమె ఎన్నిసార్లు అడిగిందీ, టెంటు కింద నేనేం మాట్లాడిందీ మొత్తం చెప్పాను. వడ్డించేవాళ్లు ఆగిపోయారు. కొడుకు నా ముఖంలోకి చూడలేదు. చేతిలోని నీళ్ల జగ్గు కింద పెట్టి, "అమ్మ నాకు చెప్పలే సార్" అని మాత్రం అని లోపలికి పోయాడు.

వెళ్లిపోదామని లేచాను. జల్లు మొదలైంది. టెంటు అంచున కూర్చున్నవాళ్లు విస్తళ్లు పట్టుకుని నడిమికి జరుగుతున్నారు. కొడుకు రెండు విస్తళ్లతో బయటికి వచ్చాడు. ఒకటి తన ముందు వేసుకుని, ఇంకొకటి పక్కన పరిచాడు. నావైపు చూడకుండానే చాప మీద చోటు చేశాడు.

"జర ఇటు జరుగు సార్, తడుస్తవ్."