వెదురు నేల, బాపు కట్టె

కల్వకుర్తిలో ఇల్లు కట్టుకుంటూ పుష్ప టీచరు నేలకు వెదురు వేయిస్తానంటే నవ్వనివాళ్లు లేరు. "బుట్టలల్లే బొంగుల మీద నడుస్తరా ఎవరన్న?" అని భర్త పరమేషే ఎగతాళి చేశాడు. పుష్ప వినే మనిషి కాదు. గొర్లు కాసిన భిక్షం బిడ్డ మరి. ఆమె ఒక దారి పట్టిందంటే మిగతావాళ్లు వెనక నడవాల్సిందే.

ఆమె పంతానికి కారణం ఆ తండ్రి భిక్షమే. కిరాయి ఇంట్లో బండల మీద జారి తుంటి విరగ్గొట్టుకున్న బాపు ఆమె దగ్గరే ఉంటున్నాడు. నడక మానితే కాలు పడిపోతుందని డాక్టరు హెచ్చరించాడు. అందుకని జారని నేల, చలికాలం కాళ్లు జివ్వుమనని నేల కావాలి. పైగా వెదురు నరికితే మళ్లీ పిలకేస్తుందని బడిలో పాఠం చెప్పే మనిషి, తన ఇంటికి టేకు చెట్టు కొట్టించి తెస్తుందా?

హైదరాబాద్ దుకాణాలన్నీ తిరిగింది. ముక్కలు తెచ్చి నీళ్లలో నానబెట్టింది, తాళంచెవితో గీకింది. ఒక ముక్క పొట్లం విప్పగానే జిగురు వాసన గుప్పుమని కళ్లు మండితే దాన్ని అవతల పారేసింది. లేత వెదురు సొట్టలు పడుతుందని తెలుసుకుని, ముదురు బొంగు నారను గట్టిగా నొక్కి చేసిన పలకలే ఏరింది. "నీళ్లు నిలవొద్దు మేడం, లోతు గీతలు పడితే పోవు" అన్నాడు దుకాణదారు. ఆ ఒక్క మాట ఆమె మనసులో మేకులా దిగింది.

నేల పరిచాక ఇల్లు తేనె రంగులో మెరిసింది. బాపు అరికాలితో తడిమి చూసి, "గొంగడి మీద నిలవడ్డట్టున్నది బిడ్డా" అన్నాడు. ఆ పూట పుష్పకు అన్నం తినకుండానే కడుపు నిండింది.

ఇక మొదలైంది తంటా. బయటి నుంచి వస్తే కాళ్లు కడుక్కోకుండా బాపు గడప దాటడు. ఈ ఊళ్లో ఎవరూ దాటరు. అన్నీ పరీక్షించిన పుష్ప ఆ చెంబెడు నీళ్ల సంగతే మరిచిపోయింది. "కాళ్లు ఆరినంక రా బాపూ" అంది. ముసలాయన గడప బయట కూర్చుని ఆరబెట్టుకునేవాడు. వానాకాలం అవి ఆరితే కదా!

తర్వాత పుష్ప చూపు ఆయన కట్టె మీద పడింది. గొర్లు కాసిన నాటి నుంచీ చేతిలో ఉన్న కట్టె, కింద ఇనుప పొన్ను. దాన్ని అటకెక్కించి, రబ్బరు తొడుగున్న చేతికర్ర కొనిచ్చింది.

"గిది దవాఖాన కట్టె. నా చేతికి రాదు" అని ఆయన దాన్ని మూలకు పెట్టాడు.

కట్టె లేక బయటికి పోలేడు. ఎట్లాగో పోతే లోపలికి రాలేడు. మెల్లగా మంచానికే అతుక్కుపోయాడు. చూడవచ్చినవాళ్లకు మాత్రం "మా బిడ్డ నా కోసమే ఏయించింది" అని గర్వంగా చెప్పేవాడు. ఆ వచ్చినవాళ్ల వెనకే పుష్ప గుడ్డ పట్టుకుని తుడుస్తూ తిరిగేది. ఆమెకూ ఆ ఇంట్లో ఊపిరాడేది కాదు.

ఈసారి డాక్టరు కాలు పట్టి చూసి, "సన్నబడింది. నడవట్లేదా?" అన్నాడు.

"నడిస్తే నేల ఖరాబైతది సారూ" అన్నాడు బాపు, ఏ నిష్ఠూరమూ లేకుండా. పుష్పకు తల కొట్టేసినట్టయింది.

ఇంటికి రాగానే అటక మీది కట్టె దింపి ఆయన చేతిలో పెట్టింది. "నడువు బాపూ. గీతలు పడితే పడనియ్."

ఆయన లేచాడు. ఒక చేత్తో గోడ పట్టుకుని, రెండో చేత్తో కట్టెను నేలకు తగలకుండా ఎత్తిపట్టుకుని, వణుకుతూ అడుగులు వేశాడు.

"కట్టె ఆనించు బాపూ!"

"వద్దు బిడ్డా. గంత తిరిగి ఏరుకొచ్చినవు."

పుష్పకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. కట్టె లాక్కుని పొన్నుతో నేలను బలంగా గీకింది. నిగనిగలాడే పలక మీద తెల్లటి గీత పడింది.

భిక్షం గోడ పట్టుకుని మెల్లగా కిందికి వంగి కూర్చున్నాడు. భుజం మీది తువ్వాల తీసి, ఆ గీతను తుడవసాగాడు.