పెద్దమ్మ చెవులు

మొన్న ఆదివారం వికారాబాదులో ఆరాధన అయ్యాక, మోకాళ్ల నొప్పితో నేను బెంచీ మీదే కూర్చుని ఉంటే యువజన సంఘం పిల్లలు చుట్టూ చేరారు. "ఆంటీ, శనివారం మా కూటానికి రావాలె. నౌకరిల విశ్వాసం ఎట్ల పనికొస్తదో పది నిమిషాలు సాక్ష్యం చెప్పుండ్రి" అన్నారు. నాకు నవ్వొచ్చింది. మా సంఘంలో సాక్ష్యానికి లేచినవాళ్లు పది నిమిషాల్లో కూర్చోవడం నేనెన్నడూ చూడలేదు. సరేనన్నాను. వాళ్లు వెళ్లగానే సంఘ పెద్ద ఒకాయన కాగితం పట్టుకొచ్చాడు. గుడి కొత్త మెట్లకు తాండూరు నుంచి బండలు దిగాయట. "మీరు బండల పనిల తలపండినోళ్లు. మీ సంతకముంటే మాకు ఫికర్ లేదు" అన్నాడు. బండలు గోడ అవతలే ఉన్నాయి. లేవడానికి బద్ధకించి, వాటిని చూడకుండానే సంతకం పెట్టేశాను. ఇంటికొచ్చి అన్నం తింటుంటే గుర్తొచ్చింది, సంతకం పెట్టేటప్పుడు నాకు ఆ చప్పుడు వినిపించలేదని. కంచం పక్కకు పెట్టేశాను.

ఏ చప్పుడో చెప్పాలంటే పెద్దమ్మ గురించి చెప్పాలి. మా అమ్మకు అక్క. అమ్మ పోయాక నన్ను ధారూర్‌లో తన దగ్గరే ఉంచుకుని పెంచింది. ఇద్దరం తాండూరులో బండలు పాలిష్ చేసే ఫ్యాక్టరీలో పనిచేసేవాళ్లం. పొద్దున్నే ప్యాసింజరు ఎక్కగానే ఆమె కళ్లు మూసుకుని, గొంతెత్తి ప్రార్థన మొదలుపెట్టేది. అందులో సగం నా మీద ఫిర్యాదులే. నా బద్ధకం, నా నోటిదురుసు, చూడకుండానే చూశాననే నా అలవాటు, అన్నీ దేవునితో పాటు ఆ బోగీలో రోజూ వచ్చేవాళ్లందరికీ తెలుసు. ఫ్యాక్టరీలో ఆమె పని బండలను కొట్టి వినడం. ధారూర్ స్టేషన్ దగ్గర దొరికిన పాత ఇనుప బోల్టు ఒకటి కొంగున కట్టుకుని తిరిగేది. అది ఏ పట్టాలోంచి ఊడిందోనని రైలెక్కిన ప్రతిసారీ నాకు బెదురు. దాంతో కొడితే మంచి బండ ఖంగుమనేది. అడుగున పగులున్నది థప్పుమనేది. పైన అద్దంలా మెరిసే బండకు కింద పగులుంటే కంటికి కనబడదు. "కండ్లను నమ్మకు బిడ్డా, రాయినే అడుగు. సేఠు చూడకపోయినా పైనున్నాయన చూస్తుండు" అనేది. ఆమె కొట్టేది, నేను సుద్దతో గుర్తు పెట్టేదాన్ని.

ఒకరోజు పెద్దమ్మకు జ్వరమొచ్చి ఇంట్లోనే ఉండిపోయింది. బోల్టు నా చేతికిచ్చి పంపింది. లారీ తొందర పెడుతోంది. కొట్టడం ఎవరు చూడొచ్చారని, బోల్టు సంచిలోనే ఉంచి, వరసగా అన్నిటికీ మంచి గుర్తు పెట్టేశాను. అందులో పూడూరు దగ్గరి ఒక ఊరి బడికి, నీళ్ల సంపు మీద మూతగా వెయ్యడానికి పోయే మందపాటి బండ ఒకటుంది. లారీ వెళ్లిపోయింది. మధ్యాహ్నం కరెంటు పోయింది. మిషన్లన్నీ ఒక్కసారిగా ఆగితే ఆ షెడ్డులో ఉండే నిశ్శబ్దం మామూలుది కాదు, చెవులు మూసుకుపోయినట్టు ఉంటుంది. అందరూ బయట సద్దులు విప్పుకున్నారు. నేనొక్కదాన్నే లోపల ఉన్నాను. అప్పుడు వినిపించింది, వెనక వరసలో ఖంగ్. కాసేపాగి ఇంకొంచెం దగ్గరగా ఖంగ్. పెద్దమ్మ నడక ఎంత నిదానమో అంత నిదానంగా అది నా వైపు వస్తోంది. చివరికి ఆ మందపాటి బండ పొద్దున ఆనించి ఉన్న చోట థప్పుమంది. అక్కడ ఇప్పుడు ఉత్త నేల. పరుచుకున్న తెల్లటి రాతిపొడిలో నా అడుగులు తప్ప ఎవరివీ లేవు. సంచి తెరిచి చూశాను. బోల్టు అందులోనే ఉంది, ఎవరో ఇప్పటిదాకా గుప్పిట్లో పట్టుకున్నట్టు వెచ్చగా ఉంది.

సాయంత్రం ఇల్లు చేరేసరికి పెద్దమ్మ మంచంలో లేచి కూర్చుని ఉంది. నేను నోరు తెరవకముందే "ఆ మందం బండ ఎటు పోయింది?" అని అడిగింది. ముందురోజు ఆమె దాన్ని షెడ్డులో చూసే ఉంటుంది, అయినా నేను ఒకసారి సంచిలోని బోల్టు వైపు చూశాను. ఏడుస్తూ అంతా చెప్పాను. నౌకరి పోతుందని భయం. "పోతే పోనీ. రేపు పొద్దుగాల సేఠుకు నీ నోటితోనే చెప్పు. చెప్పి గా బడికి పో" అంది. చెప్పాను. సేఠు నానా తిట్లూ తిట్టి, చివరికి బస్సెక్కమన్నాడు. నేను బడికి చేరేసరికి బండ సంపు మీద వేసేసి ఉంది. దాని మీద ముగ్గురు ఆడపిల్లలు కూర్చుని గచ్చకాయలు ఆడుతున్నారు. కేక పెడితే బెదురుతారేమోనని, దగ్గరికెళ్లి మెల్లగా ఒక్కొక్కరినే చెయ్యి పట్టి దింపాను. బోల్టుతో కొడితే థప్పుమంది. పనివాళ్లతో తిప్పించి చూస్తే అడుగున ఈ అంచు నుంచి ఆ అంచు దాకా పగులు. కింద నిండా నీళ్లు.

"నిన్న ఫ్యాక్టరీకి వచ్చి కొట్టింది నువ్వేనా?" అని ఆ సాయంత్రం పెద్దమ్మనే అడిగాను. ఆమె చెయ్యి చెవి దగ్గర పెట్టుకుని మళ్లీ చెప్పమంది. ఈసారి గట్టిగా అడిగితే నవ్వింది. "జ్వరంతోని ఉన్నదాన్ని తాండూరుకెట్లస్త? పండుకొని దేవుణ్ణి అడిగిన, నా చెవులు గా పిల్లకియ్యి ప్రభువా అని. గంతే." ఆ తర్వాత ఆమెకు వినికిడి తిరిగి రాలేదు. ఏళ్ల తరబడి విన్న మిషన్ల మోత వల్లేనన్నాడు వికారాబాదు డాక్టరు. నేనూ అదే నమ్మాలనుకున్నాను. సేఠు నన్ను తీసెయ్యలేదు, పెద్దమ్మ పని నాకే ఇచ్చాడు. కానీ చూడని సరుకును చూశానని రాయబోయినప్పుడు, నా తప్పును తోటిపిల్ల మీదికి నెట్టబోయినప్పుడు, నా చెవికి ఇంత దగ్గర్లో థప్పుమనేది. చెయ్యి ఆగిపోయేది. జనం నన్ను నిజాయితీపరురాలు అనేవాళ్లు. నిజానికి నాది భయం. భక్తి తర్వాతెప్పుడో వచ్చింది.

సోమవారం మధ్యాహ్నం గుడికి వెళ్లాను. ఎవరూ లేరు. పెద్దమ్మ బోల్టుతో బండలన్నీ ఒక్కొక్కటే కొట్టాను. ఏడోది థప్పుమంది. సంఘ పెద్దకు ఫోను చేసి సంతకం వెనక్కి తీసుకున్నాను. "ఒక్క బండకే గింత పరేషాన్ ఎందుకమ్మా?" అన్నాడు. నా పరేషాన్ బండ గురించి కాదు. ఆదివారం నాకేమీ వినిపించకపోవడం గురించి. శనివారం పిల్లల ముందు నిలబడి ఇదంతా చెబుతాను, నవ్వితే నవ్వనీ. ఈ చెవులు వాళ్లలో ఎవరికివ్వమని దేవుణ్ణి అడగాలో మాత్రం ఇంకా తేలలేదు. జ్వరంతో పడుకుని పెద్దమ్మ ఆ ప్రార్థన చేసిననాడు ఆమెకు సరిగ్గా ఇప్పటి నా వయసే.