మా అత్తయ్య ఎడమచేతి పూలు

మా అత్తయ్య పేరు స్యూబీ. నార్సిసస్ పూలమొక్క గడ్డలు చెక్కడంలో మొనగత్తె. పెద్ద ఉల్లిపాయంత గడ్డ పొరలు ఒలిచి, వంకర కత్తితో లోపలి లేత ఆకు అంచును ఒకవైపు సన్నగా కోస్తే, కోసిన వైపుకే ఆకు వంగి పీత డెక్కలా చుట్టుకుంటుంది. నీళ్ళ పళ్ళెంలో పెంచితే సరిగ్గా కొత్త సంవత్సరం పండగ పొద్దున పూయాలి. ముందు పూసినా, ఆలస్యమైనా పరువు పోయినట్టే. కత్తి మొగ్గకు తగిలిందంటే అది ఇక విచ్చుకోదు. దాన్ని మూగపువ్వు అంటాం.

ముప్ఫై ఒక్క ఏళ్ళుగా ప్రతి పండక్కీ మా వంశపెద్దల మందిరంలో, పోయినవాళ్ళ పేర్లు చెక్కిన పలకల ముందు ఉండేది అత్తయ్య పళ్ళెమే. పోయిన ఎండాకాలం పక్షవాతం వచ్చి ఆమె కుడిచెయ్యి పడిపోయింది. ఆ వారమే ఆమె మరిది బాన్‌టెక్ దిగబడ్డాడు.

"వదినా, ఇంక హాయిగా కూర్చుని గంజి తాగు. ఈసారి పళ్ళెం నేను పెడతాలే."

నాకు ఒళ్ళు మండింది. అయినా నిజం చెప్పాలి, నేనూ తక్కువ తినలేదు. చెయ్యి కోసుకుంటుందని కత్తిని బియ్యం డబ్బాలో దాచాను.

పండక్కి నెల ఉందనగా అత్తయ్య తిన్నగా వచ్చి ఆ డబ్బాలోనే చెయ్యి పెట్టింది.

"నా ఇంట్లో నాతోనే దొంగాటలా? గడ్డ పట్టుకో. గట్టిగా!"

ఎడమచేత్తో మొదలుపెట్టింది. మూడు గడ్డలు పాడయ్యాయి. నాలుగోదానికి కత్తి జారింది.

"చాల్లెండి అత్తయ్యా!" అన్నాను.

"నోర్ముయ్" అంది. మొగ్గకు తగిలిందో లేదో ఆమెకూ తెలియలేదు. మిగిలింది ఆ గడ్డ ఒక్కటే.

ఇక రోజూ నీళ్ళు మార్చడం, ఎండ ఎటు జరిగితే పళ్ళెం అటు జరపడం. ఆ ఏడు చలి చంపేసింది. పండగ ముందురోజు మధ్యాహ్నానికీ మొగ్గలు బిగుసుకునే ఉన్నాయి. బాన్‌టెక్ తొంగి చూశాడు.

"మూగవే వదినా! నావి పొయ్యి పక్కన పెట్టా, నాలుగు రోజుల కిందటే విరగబూశాయి."

"నాలుగు రోజుల కిందటా? అయితే రేపు పెద్దల ముందు ఎండుగడ్డి పెడతావన్నమాట."

వాడి మొహం మాడిపోయింది. అత్తయ్య గోరువెచ్చని నీళ్ళు తెమ్మంది. సాయంత్రం దాకా మారుస్తూనే ఉన్నాం. మొగ్గ ఒక్కటీ విచ్చుకోలేదు. నాకైతే ఏడుపొచ్చింది.

తెల్లవారి టపాకాయల పొగలోనే పూల వాసన తెలిసింది. పరుగెత్తాను. పదకొండు పూలు! ఒక్కటీ మూగది కాదు. పైగా ఎడమచేతి కోతకు ఆకులన్నీ ఎప్పుడూ వంగే వైపు కాక ఎదురువైపు తిరిగి చుట్టుకున్నాయి. ఆ వంపు మా ఊళ్ళో ఎవరూ చూసి ఎరగరు. ఆనందం పట్టలేక అత్తయ్యను వాటేసుకున్నాను.

మందిరం పెద్ద ఆ పళ్ళేన్నే ఎత్తి పలకల ముందు పెట్టాడు. జనం ఎగబడ్డారు. బాన్‌టెక్ చాలాసేపు వంగి చూసి, తల గోక్కున్నాడు.

"వదినా, ఈ వంపు నాకూ నేర్పవూ?"

"దానికేం భాగ్యం! ముందు నీ కుడిచెయ్యి జేబులో పెట్టుకుని రా" అంది అత్తయ్య.